‘బాగుంది’ అన్న తర్వాత ఏం రాయాలి

చదివిన పుస్తకం మీద అభిప్రాయం రాయమంటే చాలామంది ఒక్క ముక్క దగ్గర ఆగిపోతారు. బాగుంది, లేదా బాగోలేదు. ఆ తర్వాత ఏం రాయాలో తోచక కథంతా మొదటి నుంచి చివరిదాకా చెప్పేస్తారు. నేను కోనసీమలోని అంబాజీపేటలో ఒక కొబ్బరి కొట్టులో లెక్కలు రాస్తాను. ఆదివారాలు మా ఊరి లైబ్రరీలో కొందరం కూర్చుని, ఈ మధ్య చదివిన పుస్తకాల గురించి రాసుకొచ్చిన కాగితాలు చదువుకుంటాం. మిషను కుట్టే అమ్మాయి, రిటైరైన లైన్‌మన్ గారు, ఇంటర్ చదివే పిల్లలు, అందరూ రాస్తారు. కొత్తగా వచ్చినవాళ్ళు మాత్రం “నాకు రాయడం రాదండి” అని మొహమాటపడతారు. వాళ్ళకి నేను చెప్పే మాటలే ఇవి.

అన్నిటికన్నా ముందు చెప్పేది ఒకటుంది. మీరు ఏ అభిప్రాయం రాసినా, దానికి పుస్తకంలో ఒక పేజీ చూపించగలగాలి. “రచయితకి ఆడవాళ్ళంటే చిన్నచూపు” అన్నారనుకోండి, ఏ పేజీలో, ఏ మాటలో? “భాష తేనెలా ఉంది” అన్నారు, ఏ వాక్యం? పేజీ చూపించలేని అభిప్రాయాన్ని ఎంత గట్టిగా చెప్పినా వినేవాళ్ళకి అక్కరకు రాదు. పేజీ చూపిస్తే మీతో ఒప్పుకోనివాళ్ళు కూడా ఆ పేజీ తీసి చూస్తారు, మాట అక్కడి నుంచి సాగుతుంది.

చదివేటప్పుడు చేయాల్సింది

లైబ్రరీ పుస్తకంలో గీతలు గీయకండి. మీ తర్వాత చదివేవాళ్ళ కళ్ళు ముందు మీ గీతల మీదికే వెళ్తాయి. నేను పాత తూకం చీటీల వెనకవైపు వాడతాను. ఒక చీటీ, ఒక పెన్సిలు ముక్క పుస్తకంలోనే ఉంటాయి. పేజీ నంబరు వేసి, పక్కన మూడు నాలుగు మాటలు: “47, తల్లి ఎందుకు మాట్లాడదు?”, “112, ఈ ఉత్తరం రెండుసార్లు చదివాను”, “160, విసుగు”. ఈ మూడో రకం చాలామంది రాయరు. మెచ్చుకున్న చోట్లు ఎలాగూ గుర్తుంటాయి. విసుగొచ్చిన చోటు రాసుకోకపోతే, పుస్తకం పూర్తయిన తృప్తిలో దాన్ని మర్చిపోయి అంతా బాగుందనేస్తాం. ఫోన్‌లో పేజీ ఫొటో తీసుకోవడం కన్నా చేత్తో రాయడమే నయం. ఏ వాక్యం కోసం ఫొటో తీశామో తర్వాత తెలియదు.

పుస్తకం అయిపోయాక దాన్ని మూసి పక్కన పెట్టండి. వేరేవాళ్ళు ఏమన్నారో చూడకండి. ముందు మీకు గుర్తున్నది ఒక పేజీ రాయండి. తర్వాత చీటీ తీసి పోల్చుకోండి. చీటీలో పదిసార్లు రాసుకున్న పాత్ర మీ పేజీలో అసలు లేకపోవచ్చు. ఎప్పుడో ఒక్కసారి కనబడి పోయిన ముసలమ్మ మీ పేజీలో సగం ఆక్రమించి ఉండొచ్చు. ఎందుకలా జరిగిందని మిమ్మల్ని మీరు అడగండి. సగం అభిప్రాయం అక్కడే దొరుకుతుంది.

కథ గురించి రాస్తుంటే

ఎవరు, ఎక్కడ, ఏ చిక్కులో ఉన్నారు అనేది రెండు మూడు వాక్యాల్లో చెప్పి ఆపేయండి. ముగింపు చెప్పకండి. అది చదివేవాళ్ళ హక్కు. ఆ తర్వాత ఒకే ఒక్క చోటు ఎంచుకుని దాన్ని దగ్గరగా చూపించండి.

పాలగుమ్మి పద్మరాజు గారి ‘గాలివాన’ సంగతి చూద్దాం. ఆయనది మన పశ్చిమ గోదావరి వైపే, తిరుపతిపురం. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక పెట్టిన ప్రపంచ కథానికల పోటీలో ఈ కథకి రెండో బహుమతి వచ్చింది. మా దగ్గర మొదటిసారి రాసేవాళ్ళు బహుమతి సంగతి చెప్పి, “గాలివాన వర్ణన అద్భుతం” అని ముగిస్తారు. అందులో అబద్ధమేమీ లేదు, కానీ కథ చదవనివాడికి దానివల్ల తెలిసేదీ లేదు. నేనైతే ఇలా రాశాను:

“రావుగారు రైల్లో వెళ్తున్నారు. జీవితాన్ని కొన్ని సూత్రాల ప్రకారం నడుపుకునే పెద్దమనిషి. పెట్టెలోకి ఒక బిచ్చగత్తె వస్తుంది. ఆమె మీద ఆయనకున్న అభిప్రాయం కథ మొదట్లోనే గట్టిపడిపోయి ఉంటుంది. గాలి పెరిగేకొద్దీ నేను ఆమెను కాకుండా ఆయన అభిప్రాయాన్నే గమనిస్తూ చదివాను. రచయిత గాలివానని ఇల్లూ చెట్టూ పడగొట్టడానికి తీసుకురాలేదు. ఒక మనిషి తన గురించి తాను అనుకుంటున్నది ఎంతవరకు నిలబడుతుందో చూడటానికి తెచ్చాడు.”

దీని కింద ఇంకో ముక్క కూడా రాశాను. 1996 నవంబరు 6 రాత్రి తుఫానప్పుడు కోనసీమలో ఉన్నవాళ్ళెవరికీ గాలి గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. తెల్లారి చూస్తే కొబ్బరి తోటల్లో చెట్లు ఎక్కడికక్కడ నేలమట్టం అయి ఉన్నాయి. ఆ తర్వాత కొట్టుకి కాయ రావడం ఎంతగా పడిపోయిందో లెక్కల పుస్తకంలోనే కనబడింది. ఆ రాత్రిని చూసినవాడిగా నేను ఈ కథలో గాలి చప్పుడు ఎక్కువ విన్నాను. చూడనివాళ్ళకి రావుగారే ఎక్కువ కనబడొచ్చు. మీరు ఎక్కడ నిలబడి చదివారో ఒక్క వాక్యంలో చెప్పేస్తే, మీ మాటని ఎంతవరకు తీసుకోవాలో చదివేవాళ్ళే చూసుకుంటారు. పేజీ చూపించడం తర్వాత నాకు అంత ముఖ్యంగా తోచేది ఇదే.

మీకు బాగా తెలిసిన పనిని కథలోకి తీసుకెళ్ళి చూడండి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి ‘వడ్లగింజలు’ చదరంగం ఆటగాడి కథ, పెద్దాపురం సంస్థానంలో జరుగుతుంది. గుట్టు పేరులోనే ఉంది: చదరంగం బల్ల మీద మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, ఇలా 64 గళ్ళకీ రెట్టింపు చేసుకుంటూ పోవాలి. నా పని లెక్కలు కాబట్టి వేసి చూశాను. వెయ్యి గింజలు పాతిక గ్రాములు తూగుతాయనుకుంటే 75 కిలోల బస్తాకి సుమారు 30 లక్షల గింజలు. 32వ గడి ఒక్కదానికే 214 కోట్ల పైచిలుకు గింజలు, అంటే ఏడు వందల బస్తాలు దాటుతుంది. సగం బల్ల మొత్తం కలిపితే 1,430 బస్తాల దాకా వస్తుంది. ఎకరానికి 30 బస్తాలు పండినా దాదాపు 48 ఎకరాల పంట. ఇంకా 32 గళ్ళు మిగిలే ఉన్నాయి! చివరి గడికి దాదాపు 3 లక్షల కోట్ల బస్తాలు కావాలి. ఈ లెక్క వేశాక కథ రెండోసారి చదివితే రాజుగారి కొలువులో ప్రతి మాటా వేరేగా వినబడింది. వంట తెలిసినవాళ్ళు కథలో వంటని, వైద్యం తెలిసినవాళ్ళు జబ్బుని ఇలాగే పట్టి చూడాలి. నిజంగా తెలిసినవాళ్ళు మాత్రమే రాయగల అభిప్రాయం అది.

మన ప్రాంతం పుస్తకాల దగ్గర మాత్రం కాస్త జాగ్రత్తగా ఉండాలి. మన కాలవ, మన రేవు, మన యాస కనబడగానే మనసు మెత్తబడుతుంది. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ‘బారిస్టర్ పార్వతీశం’ మొగల్తూరులో మొదలవుతుంది. ఆ పేరు చూడగానే నాకు సగం నచ్చేసింది. నిజంగా పుస్తకమే నచ్చిందా, ఊరి పేరు నచ్చిందా అని తేల్చుకోవడానికి, అనంతపురం నుంచి వచ్చిన మా అల్లుడికి ఇచ్చాను. ఆయన మొగల్తూరు ఎప్పుడూ చూడలేదు. అయినా పార్వతీశం సామాను సర్దుకునే చోట పగలబడి నవ్వారు. అప్పుడు ధైర్యంగా రాశాను. దగ్గర్లో అలాంటి మనిషి లేకపోతే, ఊళ్ళ పేర్లన్నీ మనసులో కొట్టేసి చదవండి. అప్పుడు మిగిలే మనుషులూ మాటలూ మిమ్మల్ని పట్టి ఉంచుతున్నాయా చూడండి.

కథ కాని పుస్తకం అయితే

ఇక్కడ పద్ధతి మారుతుంది. ముందు రచయిత చెప్పదలుచుకున్నదాన్ని ఒక్క వాక్యంలో రాయండి. ఆయనే చదివితే “అవును, నేనన్నది ఇదే” అనేలా ఉండాలి. మనకి నచ్చని వాదాన్ని వంకరగా రాసి, దాన్ని మనమే ఓడించడం న్యాయం కాదు. తర్వాత, ఆ మాటకి ఆయన చూపించిన ఆధారం ఏమిటో రాయండి. ఆ తర్వాతే మీ మాట.

మనిషి జాతి చరిత్ర చెప్పే యువాల్ నోవా హరారీ ‘సేపియన్స్’ తెలుగులో చదివినప్పుడు వ్యవసాయం గురించిన అధ్యాయం దగ్గర నేను చాలా సేపు ఆగిపోయాను. ఆయన వాదం ఇదీ: మనిషి గోధుమనీ వరినీ మచ్చిక చేసుకోలేదు, ఆ మొక్కలే మనిషిని మచ్చిక చేసుకున్నాయి, సేద్యం వల్ల జనాభా పెరిగింది కానీ ఒక్కో మనిషి బతుకు కష్టమైంది. ఆధారంగా పాత అస్థిపంజరాల్లో కనిపించే వెన్ను, కీళ్ళ బాధల్ని చూపిస్తాడు. చుట్టూ వరి చేలున్న ఊళ్ళో కూర్చుని ఈ మాట చదివితే ఊరుకోలేం.

ఒప్పుకునే చోటు ముందు రాశాను. సార్వా, అంటే వానాకాలం వరి, నాట్లప్పుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా వంగి ఊడ్చే ఆడవాళ్ళని చూసినవాళ్ళకి వెన్ను సంగతి ఏ ఎముకా చెప్పక్కర్లేదు. రాత్రి నడుముకి నూనె రాసుకుని, తెల్లారి మళ్ళీ అదే చేలో దిగుతారు. తర్వాత ఎదురు ప్రశ్న రాశాను. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అని సార్వా వేయడమే మానేశారు. ఖర్చుకి తగ్గ ధర లేదని, మురుగు కాలవలు పూడిపోయి చేలు మునుగుతున్నాయని. వరి మనిషిని అంతగా కట్టి పడేస్తే, వేలమంది కలిసి ‘ఈసారి వేయం’ అని ఎలా అనగలిగారు? ఈ ప్రశ్నని కూడా అక్కడితో వదల్లేదు. వరిని వదిలి శాశ్వతంగా వెళ్ళిపోయినవాళ్ళు ఎంతమంది? చాలామంది మళ్ళీ అదే చేలోకి దిగారు. అంటే హరారీ మాటలో బలం ఉంది. నాకు తోచిన లోటు వేరే. పండించినవాడి దగ్గర నుంచి పైవాళ్ళు పంటని పట్టుకుపోవడం గురించి ఆయనా రాశాడు, కానీ వేల ఏళ్ళని ఒక్క ఊపులో దాటే పుస్తకంలో కౌలు రైతుకీ భూమి ఉన్నవాడికీ మధ్య జరిగే మాటలు వినబడవు. వరి ఇద్దరినీ ఒకేలా మచ్చిక చేసుకోలేదు. ఇది చదివి వినిపిస్తే మా దగ్గర కౌలు చేసే ఒకాయన ఆ పుస్తకం అడిగి తీసుకెళ్ళారు.

అందరూ దండం పెట్టే మనిషి గురించిన పుస్తకం అయితే ఇంకో పరీక్ష పెట్టండి. మా వైపు కాటన్ దొర గురించి పుస్తకాలు చాలా చదువుతారు. 1847లో మొదలై 1852కి పూర్తయిన, గోదావరి మీద ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట లేకపోతే ఈ డెల్టా ఇలా ఉండేది కాదు, ఆయన మీద నాకున్న గౌరవానికి లోటు లేదు. అయినా పుస్తకం చేతికి రాగానే నేను ముందు వెతికేది వీణం వీరన్న గారి పేరు. కాటన్ కింద ఆ పనంతా నడిపించిన మన మనిషి. ఆయనకి ఎన్ని పేజీలిచ్చారు, రాళ్ళు మోసిన కూలీల గురించి ఏమైనా ఉందా, అంతకు ముందు డెల్టాలో కరువు ఎలా ఉండేదో చెప్పారా? ఇవి లేకపోతే అది పొగడ్త పుస్తకం. అలాగని రాయడానికి భయపడకండి. పుస్తకాన్ని విమర్శించడం కాటన్‌ని విమర్శించడం కాదు.

ఆత్మకథల గురించి ఒక్క మాట. తనకి అడ్డొచ్చినవాళ్ళ గురించి రచయిత ఎలా రాశాడో చూడండి. శ్రీపాద వారి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ నాకు ఇష్టమైంది అందుకే. వేదశాస్త్రాల ఇంట్లో పుట్టి తెలుగు వచనం వైపు తిరిగిన మనిషి ఆయన. కోపం దాచుకోడు, కానీ ఎదుటివాళ్ళ మాటని వాళ్ళ గొంతుతోనే వినిపిస్తాడు.

నచ్చకపోతే

నచ్చలేదని రాయడానికి టెన్షన్ పడక్కర్లేదు. సగంలో ఆపేసిన పుస్తకం గురించి కూడా రాయొచ్చు, ఎన్నో పేజీలో ఆపారో చెప్పండి చాలు. అయితే రచయిత చేయదలుచుకోనిదాన్ని చేయలేదని తప్పు పట్టకండి. ప్రేమకథలో రాజకీయాలు లేవనడం విమర్శ కాదు. అనువాదం చదివి వాక్యాలు కుంటుతున్నాయనిపిస్తే, ఒక వాక్యం ఎత్తి రాయండి. అది మూలంలోనే ఉందో అనువాదంలో వచ్చిందో తెలియకుండా రచయిత మీద వేయకండి. అనువాదకుల పేరు మాత్రం తప్పకుండా రాయండి, మెచ్చుకున్నప్పుడు మరీను.

రాశాక ఒకసారి పైకి చదవండి. ‘అద్భుతం’, ‘అమోఘం’, ‘ప్రతి ఒక్కరూ చదవాల్సిన’ లాంటివి కనబడితే కొట్టేసి, ఆ చోట మీ చీటీలోంచి ఒక పేజీ తీసుకొచ్చి పెట్టండి. మొత్తం రెండు పేజీలు దాటనివ్వకండి.

కాగితం అడుగున పుస్తకం పేరు, రచయిత, అనువాదకులు, ప్రచురణకర్త, ఏ ముద్రణ, వెల, మీకు ఎక్కడ దొరికింది, ఇవన్నీ రాయండి. లైబ్రరీలో ఉంటే ఏ బీరువాలో ఉందో కూడా రాయండి. విన్నవాళ్ళలో ఎవరో ఒకరు లేచి నేరుగా అక్కడికే వెళ్తారు.