పాలసీ ఏజెంటు, ఒక హత్య, ఒక పాత సినిమా

అమలాపురంలో ఇరవై రెండేళ్లుగా బీమా ఏజెంటుగా చేస్తున్నాను. ఫిల్మ్ నోయిర్ సినిమాలు, అంటే చీకటి నీడల మధ్య నడిచే పాత నలుపు తెలుపు నేర కథలు, ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరడిగినా 1944లో వచ్చిన ‘డబుల్ ఇండెమ్నిటీ’ పేరే చెబుతాను. జేమ్స్ ఎం. కెయిన్ నవలని బిల్లీ వైల్డర్ తెరకెక్కించాడు. హీరో మా వృత్తివాడే. ప్రమాదంలో పోతే రెట్టింపు సొమ్మొచ్చే పాలసీ చుట్టూ తిరిగే కథ.

రాత్రిపూట చూడండి. ట్యూబ్‌లైటు ఆర్పేయండి, వీధి దీపం పడుతుంటే కిటికీకి దుప్పటి కట్టండి. టీవీలో బ్రైట్‌నెస్ పెంచొద్దు. పెంచితే నలుపు కాస్తా బూడిదరంగైపోతుంది, ఈ సినిమాలకి నలుపే ప్రాణం. పక్కల నల్లటి పట్టీలు వస్తే జూమ్ చేయకండి, అప్పటి ఫ్రేమే అంత. మాటలు వేగం, సబ్‌టైటిల్స్ పెట్టుకోండి.

హంతకుడెవరా అని వెతకొద్దు. చిన్నప్పుడు అద్దెకి తెచ్చిన డిటెక్టివ్ నవలకి చివరి పేజీ లేక రాత్రంతా నిద్రపోలేదు నేను. ఇక్కడ ఆ బాధ లేదు. చంపింది నేనేనని హీరో మొదట్లోనే మాటలు రికార్డు చేసే డిక్టాఫోన్‌లో చెప్పేస్తాడు. ఎలా దొరుకుతాడన్నదే టెన్షన్.

సంతకం సీను వచ్చేసరికి ఫోన్ పక్కన పెట్టేయండి. హీరో, ఒకావిడ కలిసి చంపబోయేది ఆవిడ భర్తనే. ఆయన కారు ఇన్సూరెన్స్ కాగితమనుకుని ఆ ప్రమాద పాలసీ మీద సంతకం పెడతాడు. అదే గదిలో ఆయన భార్య, మొదటి భార్య కూతురు చైనీస్ చెకర్స్ ఆడుతుంటారు. ఎన్నిసార్లు చూసినా నా చేతులు చల్లబడతాయి. పోయిన వారం ఒక పెద్దాయన కళ్లజోడైనా పెట్టుకోకుండా, “ఎక్కడ పెట్టమంటావు బాబూ?” అన్నారు. కళ్లజోడు తెప్పించి, కాగితమంతా చదివి వినిపించాకే పెన్ను ఇచ్చాను.

నవల తర్వాత చదవండి. కెయిన్ సంభాషణలు కంటికి బాగుంటాయి గానీ నోట పలికితే నిలబడవని వైల్డర్‌తో కలిసి స్క్రీన్‌ప్లే రాసిన రేమండ్ చాండ్లర్ పట్టుబట్టాడు. 1941 నాటి ‘మాల్టీస్ ఫాల్కన్’లో మాత్రం దర్శకుడు జాన్ హ్యూస్టన్, నవల రాసిన డాషియల్ హ్యామెట్ మాటల్ని చాలావరకు అలాగే ఉంచాడు. ఆ సినిమానైతే నవల పక్కన పెట్టుకునే చూడండి. ‘డబుల్ ఇండెమ్నిటీ’ నవల ముగింపు వేరు, అది చెప్పను.

రెండోసారి చూసేటప్పుడు అగ్గిపుల్లల మీద కన్నేయండి. క్లెయిమ్స్ చూసే కీస్ నోట్లో చుట్ట ఉంటుంది, జేబులో అగ్గిపుల్ల ఉండదు. హీరో నెఫ్ బొటనవేలి గోటితో పుల్ల గీసి వెలిగిస్తుంటాడు. ఆఖరి సీనులో పుల్ల ఎవరు గీస్తారో చూడండి.