గుంటూరులో అంతర్జాతీయ సదస్సు: ఎవరూ గడప బయట ఉండిపోకుండా ఏర్పాట్లు

అంతర్జాతీయ విద్యా సంఘాల్లో వైవిధ్యం మీద తీర్మానాలకు కొదవ లేదు. అలాంటి ఒక సంఘం సదస్సు గుంటూరులోనో విజయవాడలోనో పెట్టినప్పుడు ఎవరు రాగలరో తేల్చేది మాత్రం రిజిస్ట్రేషన్ ఫారం, ఫీజు, తేదీ, హాలు మెట్లు. తొమ్మిది నెలల ముందే వీటి మీద కూర్చోవాలి.

ముందు తేదీ. సంక్రాంతి వారం రైల్లో బెర్తు దొరకదు. దసరా నవరాత్రుల్లో ఇంద్రకీలాద్రికి వచ్చే జనంతో బెజవాడ హోటళ్ళు నిండిపోతాయి. మే ఎండల సంగతి చెప్పనక్కర్లేదు. నవంబరు తుపాన్ల కాలం. ఫిబ్రవరి మేలు, అయితే రంజాన్ నెల ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుంది కాబట్టి క్యాలెండరు చూసుకోండి. శుక్రవారం మధ్యాహ్నం 1 నుంచి 2 దాకా, ఆదివారం ఉదయం చర్చి వేళల్లో ముఖ్య ప్రసంగాలు పెట్టకండి.

ఫారంలో మొదటి చిక్కు పేరే. మనవాళ్ళలో చాలామందికి ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం. కొందరి పాస్‌పోర్టులో ఆ గడి ఖాళీగానే ఉంటుంది. 'లాస్ట్ నేమ్' తప్పనిసరి అంటే జనం చుక్క పెట్టో, తండ్రి పేరు రాసో ముందుకు పోతారు. తర్వాత ఆహ్వాన పత్రంలో పేరు పాస్‌పోర్టుతో కలవక, విదేశాల నుంచి వచ్చేవాళ్ళు వీసా దగ్గర ఆగిపోతారు. రెండే గడులు చాలు: పాస్‌పోర్టులో ఉన్నట్టు పూర్తి పేరు, బ్యాడ్జి మీద రావాల్సిన పేరు. జెండర్ వివరం నిజంగా వాడేటట్టయితేనే అడగండి. అడిగితే 2014లో సుప్రీంకోర్టు గుర్తించిన మూడో జెండర్‌కీ, చెప్పడం ఇష్టం లేనివాళ్ళకీ చోటుండాలి. కులం రిజిస్ట్రేషన్ ఫారంలో అడగనే వద్దు. ఎవరు వస్తున్నారో లెక్క కావాలంటే పేరు లేని విడి ఫారం పెట్టి, నింపడం వాళ్ళ ఇష్టానికి వదిలేయండి.

ఫీజుకు చాలా సంఘాలు ప్రపంచ బ్యాంకు దేశాలను విడదీసిన నాలుగు ఆదాయ వర్గాలను వాడతాయి. అది ఆరంభమే. ఒకే దేశంలో ప్రొఫెసరు జీతమూ, గంటల లెక్కన డబ్బులు తీసుకునే అతిథి అధ్యాపకురాలి రాబడీ ఒకటి కావు. దేశంతో పాటు ఉద్యోగ స్థాయినీ చూడండి. డాలర్లలో కార్డు చెల్లింపు ఒక్కటే దారి అయితే, కార్డుకు అంతర్జాతీయ లావాదేవీలు తెరవని విద్యార్థి అక్కడే ఆగిపోతాడు. స్థానిక శాఖ ఖాతాకు యూపీఐ పెట్టండి. విదేశంలో ఉన్న మాతృ సంఘం నుంచి శాఖకు డబ్బు రావాలంటే 2010 నాటి విదేశీ విరాళాల చట్టం అడ్డొస్తుంది. చార్టర్డ్ అకౌంటెంటును మొదటి నెలలోనే అడగండి, చివరి నెలలో అడిగితే పరిష్కారం దొరకదు.

ప్రయాణ సాయం తర్వాత ఇస్తామంటే అది ఉన్నవాళ్ళకే అందుతుంది. బాపట్ల, నరసరావుపేట కాలేజీ పిల్లలు ముందు ఖర్చు పెట్టి ఆర్నెల్లు ఎదురుచూడలేరు. టికెట్టు, గది మీరే కొనివ్వండి.

హాలు విషయంలో కళ్ళతో చూసి కొలవాలి, ఫోన్లో అడిగితే "అన్నీ ఉన్నాయండి" అంటారు. ర్యాంపు వాలు 1:12, అంటే అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు. మొత్తం అడుగున్నర ఎత్తున్న మూడు మెట్లకు 18 అడుగుల ర్యాంపు కావాలి. ఆరడుగుల ప్లైవుడ్ చెక్క వాల్చితే చక్రాల కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. తలుపు 900 మిల్లీమీటర్లు, మరుగుదొడ్డి లోపల కుర్చీ తిరిగేందుకు 1500. ఆ మరుగుదొడ్డికి తాళం వేసి చీపుర్లు దాచారేమో కూడా చూడండి. అందరూ మర్చిపోయేది వేదిక. మూడడుగుల వేదికకు 36 అడుగుల ర్యాంపు ఎక్కడా పట్టదు. అందుకే వక్తలందరినీ కిందే, ఒకే మట్టంలో కూర్చోబెట్టండి. సంజ్ఞా భాష దుబాసీలు ఇద్దరు కావాలి, 20 - 30 నిమిషాలకు ఒకరు మారాలి. భారతీయ, అమెరికన్ సంజ్ఞా భాషలు వేరు, కాబట్టి ఏది కావాలో వచ్చేవాళ్ళనే అడగండి. స్లైడ్లు వారం ముందు దుబాసీల చేతిలో ఉండాలి.

ఆన్‌లైన్ సమావేశం సాయంత్రం 6:30కి పెడితే టోక్యోలో రాత్రి 10, న్యూయార్క్‌లో వేసవి అయితే ఉదయం 9. ఎప్పుడూ ఒకే ఖండం వాళ్ళు నిద్ర మానుకోకుండా వేళ మారుస్తూ పోండి.

ప్రశ్నలకు చీటీలు పెట్టండి, తెలుగులో రాసినా చదివి అనువదించేలా ఒకరిని ఉంచండి. మైకు ముందు ఇంగ్లీషు ఉచ్చారణకు జంకి నోరు విప్పని వాళ్ళ ప్రశ్నలు చాలాసార్లు పదునైనవి. మొదటి ప్రశ్న విద్యార్థికే అని అధ్యక్షుడికి ముందే చెప్పండి.

భోజనంలో కారం తగ్గించమంటే గుంటూరు వంటవాళ్ళు నొచ్చుకుంటారు గానీ, అసలు ప్రమాదం వేరుశనగలో ఉంది: చట్నీలో, వంకాయ కూర పొడిలో, నూనెలో. నువ్వులు కూడా. ప్రతి గిన్నె ముందు వేరుశనగ, నువ్వులు, పాలు, గుడ్డు ఉన్నాయో లేవో తెలుగు, ఇంగ్లీషుల్లో రాసి పెట్టించండి. వేరుశనగ పడనివాళ్ళకు గరిటె కూడా వేరే ఉండాలి. జైనులకు ఉల్లి, వెల్లుల్లి, దుంపలు లేనివీ, ముస్లింలకు హలాల్ మాంసమూ ముందే చెప్పి పెట్టించండి.

లైంగిక వేధింపుల ఫిర్యాదుకు 2013 చట్టం ప్రకారం ఆతిథ్య సంస్థలో అంతర్గత కమిటీ ఉంటుంది. అయితే విచారణకు 90 రోజుల గడువుంది, అతిథులు మూడో రోజుకే విమానం ఎక్కేస్తారు. అందుకని అదే రోజు కదలగల ఇద్దరు బాధ్యుల ఫోను నంబర్లు బ్యాడ్జి వెనక ముద్రించండి. అందులో ఒకరు మహిళ కావాలి, ఇద్దరిలో ఎవరూ విద్యార్థుల గైడు కాకూడదు.

సదస్సు అయ్యాక హాజరు పట్టీని, పేపరు ఆమోదం పొందినవాళ్ళ జాబితాతో పోల్చండి. రాని ప్రతి ఒక్కరికీ ఒక ఫోను చేసి, ఏ మెట్టు దగ్గర ఆగారో అడగండి: వీసానా, డబ్బా, తేదీనా, ఇంట్లో పసిపిల్లనా. ఆ జవాబులు రాసి పెట్టిన కాగితం వచ్చే ఏడాది ఆతిథ్య సంస్థకు బడ్జెట్టు కంటే ముందు అందాలి.