సోబా ముద్దైపోతోందా, తెగిపోతోందా?

సోబా అంటే జపాన్ బక్‌వీట్ నూడుల్స్. ఉత్తరాదిలో నవరాత్రి ఉపవాసాలకు వాడే కుట్టు పిండి ఈ గింజదే. ఇది గోధుమ జాతి కాదు, సాగే గుణమిచ్చే గ్లూటెన్ ఇందులో లేదు. కింద చెప్పే తిప్పలు చాలావరకు అందువల్లే.

ఉడికాక ముద్దగా అతుక్కుంటోంది
నీళ్లు చాలలేదు, లేదా వార్చి వదిలేశారు. 100 గ్రాములకు కనీసం లీటరు నీళ్లు తెర్లాలి. ఉప్పూ నూనే వద్దు. ప్యాకెట్ మీద రాసిన సమయానికి నిమిషం ముందే ఒక పోగు కొరికి చూడండి. వార్చగానే చన్నీళ్లలో వేసి, బియ్యం కడిగినట్టు రెండు చేతులతో మెల్లగా రుద్దుతూ కడగాలి. మొదటి నీళ్లు కుడితిలా తెల్లగా వస్తాయి. నీళ్లు తేటపడి, వేళ్లకు తగిలే జిగట పూర్తిగా పోయేదాకా మార్చండి. మొదట్లో నేను దీన్ని దాటేసి ఎన్ని పూటలు పాడుచేసుకున్నానో! వేడి పులుసులో తినాలన్నా ముందు కడగాల్సిందే, తర్వాత వేడినీళ్లలో ఓసారి ముంచి తీస్తే చాలు.

ఇంట్లో కలిపిన పిండి పగులుతోంది
నీళ్లు ఒక్కసారే పోసి ఉంటారు. కొత్తవాళ్లు 'నిహాచి'తో మొదలుపెట్టాలి: 320 గ్రాముల బక్‌వీట్ పిండికి 80 గ్రాముల మైదా. వట్టి బక్‌వీట్‌తో చేసే 'జువారి' చేయి తిరిగినవాళ్ల పని. నీళ్లు 180 నుంచి 200 మిల్లీలీటర్లు, రెండు మూడు విడతలుగా. వేళ్ల కొసలతో కలియబెడుతుంటే పిండి ముందు రవ్వలా, తర్వాత కందిగింజలంత ఉండలుగా మారుతుంది. అప్పుడే ముద్ద చేయాలి. జపాన్‌లో ఈ నీళ్లు కలిపే దశను 'మిజుమవాషి' అంటారు. నా దృష్టిలో సగం సోబా ఇక్కడే తయారైపోతుంది.

బక్‌వీట్ రుచే లేదు
ప్యాకెట్ వెనక చూడండి. పదార్థాల్లో గోధుమపిండి ముందుంటే, ఎక్కువున్నది అదే. పిండి ముక్కిన వాసన వస్తే పారేయండి.

తిన్నాక దురద, గొంతు పట్టేసినట్టు ఉంటోంది
వంట తప్పు కాదు, అలర్జీ కావచ్చు. ఇది ప్రాణాంతకం కాగలదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. జపాన్‌లో ప్యాకెట్ల మీద బక్‌వీట్ ఉందని రాయడం తప్పనిసరి. గోధుమ పడనివాళ్లకు నిహాచి కూడా పనికిరాదు.

ముంచుకునే త్సుయు (సోయా సాస్‌తో చేసే పులుసు) మిగిలిపోతోంది, తాగితే ఉప్పగా ఉంది
సోబా ఉడికించిన నీళ్లు పారబోయకండి. మన గంజిలాంటివే, పేరు 'సోబాయు'. ఆ వేడినీళ్లు మిగిలిన త్సుయులో పోసుకుని తాగడం అక్కడి అలవాటు.