గాలి మలిచిన అడవిని చదవడం: బారువ ఒడ్డున సాధన, దక్షిణపు కొసన ప్రయోగం

దక్షిణ అమెరికా చివర, చిలీ, అర్జెంటీనా దేశాలు పంచుకున్న టియెర్రా డెల్ ఫ్యూగో దీవుల్లో, 55 డిగ్రీల దక్షిణ అక్షాంశం చుట్టుపక్కల, చలిని, ఎడతెగని ఈదురుగాలిని తట్టుకుని నిలిచిన అడవులు ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వృక్షశాస్త్రం చదివేవారికి, చెప్పేవారికి ఫొటోలు, ఉపగ్రహ చిత్రాలే వాటి గురించిన ఆధారం. అక్కడ గాలి ఏ పని చేసిందో ఆ చిత్రాల్లో గుర్తుపట్టాలంటే కన్నుకు కొంత సాధన కావాలి. ఆ సాధనకు బారువ, కళింగపట్నం, కోనాడ వంటి తీరాల్లోని సరుగుడు చెట్లు సరిపోతాయి. పైగా, ఆ అడవుల్లో ప్రధాన వృక్షమైన నోథోఫాగస్, మన సరుగుడు, రెండూ ఫాగేలిస్ అనే ఒకే క్రమానికి చెందిన దూరపు చుట్టాలు.

మొదట దిక్కు తేల్చుకోవాలి. ఒడ్డున ఉన్నప్పుడు ఫోనులోని దిక్సూచి చాలు. ఫొటోలో అయితే నీడను చూడాలి: ఆ అక్షాంశంలో మధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడవునా ఉత్తరాన ఉంటాడు కాబట్టి నీడ దక్షిణానికి పడుతుంది. మనకు ఇది పూర్తిగా కొత్త సంగతి కాదు. మే మధ్య నుంచి జూలై చివరి దాకా శ్రీకాకుళంలో కూడా మధ్యాహ్నపు నీడ, పొట్టిదే అయినా, దక్షిణం వైపే ఉంటుంది. టియెర్రా డెల్ ఫ్యూగోలో గాలి ప్రధానంగా పడమటి నుంచి వీస్తుంది కాబట్టి చెట్ల గుబుర్లు తూర్పుకు తిరిగి ఉండాలి. ఎక్కడైనా అలా లేకపోతే కొండో, లోయో గాలిని మళ్లించిందని అనుమానించాలి.

తరువాతిది, ఎక్కువమంది తడబడే చోటు: ఒరిగిన చెట్టు వేరు, జెండా చెట్టు వేరు. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను కూల్చేసింది. అటువంటి ఒక్క రాత్రి గాలికి ఒరిగి బతికిన చెట్టుకు కాండం వంగి ఉంటుంది, కానీ కొమ్మలు మళ్లీ అన్ని వైపులకూ వస్తాయి. జెండా చెట్టుకు కాండం దాదాపు నిటారుగానే ఉండవచ్చు. గాలికి ఎదురుగా ఉన్న మొగ్గలు ఏటేటా ఎండిపోవడం వల్ల కొమ్మలు ఒక్క వైపే మిగులుతాయి. మన ఒడ్డున ఆ మొగ్గలను చంపేది ముఖ్యంగా ఉప్పు తుంపర. అక్కడ తీరానికి దూరంగా ఉన్న కొండవాలుల్లో తేమను పీల్చేసే గాలి, అది ఎగరేసుకొచ్చే మంచు రేణువులు. సాధనకు ఒడ్డు అంచున పాతకాలం నుంచి నిలిచి ఉన్న విడి చెట్టును ఎంచుకుని, కాండం నుంచి గుబురు సముద్రం వైపు ఎన్ని అడుగులు, ఊరి వైపు ఎన్ని అడుగులు వ్యాపించిందో నేల మీద అడుగులేసి కొలిచి రాసుకోవాలి. కలప కోసం దగ్గరదగ్గరగా నాటి కొన్నేళ్లకే కొట్టేసే తోటలు ఈ పనికి పనికిరావు. కొమ్మ లేని వైపున కత్తి గాటు ఉందేమో కూడా చూసుకోవాలి; పొయ్యిలోకి ఎవరో కొట్టుకెళ్లిన కొమ్మలను గాలి ఖాతాలో వేయడం సుళువుగా జరిగే పొరపాటు.

ఇప్పుడు ఆకు. సరుగుడు ‘ఆకు’ను ఒకదాన్ని కోసి రెండు చేతులా మెల్లగా లాగితే కణుపు దగ్గర తెగుతుంది. తెగిన చోట, కన్ను దగ్గరగా పెట్టి చూస్తే, ఆరేడు సన్నని పళ్లు వలయంగా కనిపిస్తాయి. అసలు ఆకులు అవే. మనం ఆకు అనుకున్నది పచ్చని సన్నని కొమ్మ. నీటి ఆవిరి బయటికి పోయే సన్నని పత్రరంధ్రాలు ఆ కొమ్మ మీది గాడుల్లో దాక్కుని ఉంటాయి కాబట్టి గాలి ఎంత వీచినా నీటి నష్టం తక్కువ. నోథోఫాగస్ ఇంత దూరం పోలేదు గాని, దాని ఆకు కూడా చిన్నదే: సతతహరితమైన నోథోఫాగస్ బెటులాయిడిస్ ఆకు ఒకటి నుంచి రెండున్నర సెంటీమీటర్లు, మందంగా, గట్టిగా ఉంటుంది. అక్కడే లెంగా అని పిలిచే నోథోఫాగస్ ప్యుమిలియో మాత్రం చలికాలానికి ఆకు రాలుస్తుంది.

ఇంత చలిలో సతతహరిత వృక్షం ఎలా అన్న ప్రశ్నకు జవాబు సముద్రంలో ఉంది. మాస్కో కూడా భూమధ్యరేఖకు దాదాపు అంతే దూరంలో ఉన్నప్పటికీ అక్కడి చలికాలం గడ్డకట్టిస్తుంది; చుట్టూ నీరున్న టియెర్రా డెల్ ఫ్యూగోలోని ఉషువాయా పట్టణంలో జూలై సగటు సున్నాకు ఒకటి రెండు డిగ్రీలు పైనే ఉంటుంది, కానీ వేసవి నెల అయిన జనవరి సగటు కూడా 10 డిగ్రీలు దాటడం కష్టం. అంటే చెట్టును ఆపేది చలికాలపు తీవ్రత కన్నా వేసవి చాలకపోవడమే. అందుకే ఉషువాయా వెనక కొండల మీద సుమారు 600 మీటర్ల ఎత్తుకే అడవి ఆగిపోతుంది, ఆ అంచున లెంగా మోకాలెత్తు పొదగా పాకుతుంది. ఫొటోలో ఆ పొదను వేరే జాతి అనుకోకూడదు.

విడి చెట్టు తరువాత అడవి అంచును పక్కనుంచి చూడాలి. గాలి వైపు పొట్టిగా మొదలై లోపలికి పోయేకొద్దీ ఎత్తు పెరిగే ఏటవాలు కప్పు కనిపిస్తే, ముందు వరస చెట్లు వెనక వాటికి చాటు ఇస్తున్నాయని అర్థం. మన ఒడ్డున మొగలి పొదలు, వాటి వెనక సరుగుడు, ఆ వెనక జీడి, కొబ్బరి తోటలు ఉన్న చోట ఇదే వాలును చూడవచ్చు. 2019లో పరిశోధకులు ప్రపంచంలోకెల్లా దక్షిణాన ఉన్న చెట్టుగా గుర్తించిన నోథోఫాగస్ బెటులాయిడిస్ కూడా హోర్నోస్ దీవిలో గాలికి చాటైన చోటే బతుకుతోంది.

ఆపై కళ్లు నేల మీదికి దించాలి. నా ఉద్దేశంలో అసలు విషయమంతా అక్కడే ఉంది. పలుచని మట్టిలో లెంగా వేళ్లు లోతుకు దిగవు. పెనుగాలికి చెట్టు కూలినప్పుడు వేళ్లు మట్టిని పెకలించుకుని లేస్తాయి, పక్కన గుంట, దిబ్బ ఏర్పడతాయి. కూలిన చెట్లన్నీ ఒకే దిక్కుకు తల పెట్టి ఉంటే అవి ఒకే గాలివానకు పడి ఉండవచ్చు. ఆ ఖాళీలో వెలుతురు పడగానే, పెద్ద చెట్ల నీడన ఏళ్ల తరబడి ఎదగక కాచుకుని ఉన్న లెంగా మొలకలు ఒక్కసారిగా పైకి లేస్తాయి. అందువల్ల ఒకే ఎత్తున గుంపుగా పెరిగిన లేత చెట్లు కనిపిస్తే, అక్కడ ఎప్పుడో గాలి అడవిని పడగొట్టిందని అనుకోవచ్చు. లెంగాకు ఏడాదికో వలయం ఏర్పడుతుంది కనుక, కాండం వలయాలు లెక్కించి ఆ గాలివాన కాలాన్ని ఉజ్జాయింపుగా చెప్పగలరు. సరుగుడు మొద్దులో వలయాలను అలా సంవత్సరాలుగా లెక్కించకూడదు. చలికాలపు నిద్ర లేని చోట వాటికి ఆ నియమం ఉండదు.

గాలితో సంబంధం లేని గుర్తులను పక్కన పెట్టడం కూడా ఇందులో భాగమే. కొమ్మల మీది ఉబ్బు కణుతులు సిట్టారియా అనే శిలీంధ్రం పని. వాటి మీద నారింజ రంగు ఉండలు కాస్తాయి, అక్కడి యాఘాన్ జాతివారు వాటిని తినేవారు. కొసలు కొరికేసి కత్తిరించినట్టున్న మొలకలు గ్వానాకో అనే ఒంటె కుటుంబపు జంతువు మేసినవి, మన ఒడ్డున మేకలు చేసే పనే. అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైనది బీవర్ విషయంలో. 1946లో అర్జెంటీనా ప్రభుత్వం ఉత్తర అమెరికా నుంచి తెచ్చి వదిలిన ఈ జంతువులు వాగులకు అడ్డుకట్టలు కట్టి చెట్లను నీట ముంచి చంపుతున్నాయి, అవి నరికిన చోట అడవి మళ్లీ తేలిగ్గా లేవడం లేదు. ఉపగ్రహ చిత్రంలో ఎండిన చెట్ల బూడిదరంగు పట్టీ వాగు వెంట సాగితే అది బీవర్ పని. కొండవాలు మీద మచ్చలుగా ఉండి, లోపల లేత పచ్చదనం కనిపిస్తే గాలి పని. రెండింటినీ వేర్వేరు రంగులతో గీసుకున్నాకే గాలి పడగొట్టిన విస్తీర్ణాన్ని లెక్కకట్టాలి.