మాన్యువల్‌లో పెట్టినా ఫోటో మారడం లేదా? ముందు ఐఎస్ఓ చూడండి

సెలవుల్లో పిల్లల్ని తీసుకుని మైపాడు బీచ్ వైపో సోమశిల డ్యామ్ వైపో వెళ్లి, టెంట్ వేసుకుని, తీరిక దొరికింది కదా అని కెమెరాలో అన్నీ మనమే పెట్టుకునే మాన్యువల్ మోడ్ పట్టుకున్నవాళ్లు ఊరికి రాగానే అడిగేది ఒకటే: "అన్నా, డయల్ ఎంత తిప్పినా ఫోటో మారడం లేదు. కెమెరా పోయిందేమో చూడన్నా." పోలేదు. అపర్చర్, షట్టర్ స్పీడ్ అంటే ఏమిటో మీకు తెలుసనే అనుకుని రాస్తున్నాను.

షట్టర్ మార్చినా వెలుగు మారడం లేదు

మోడ్ 'ఎం' మీదే ఉంది. షట్టర్ 1/60 నుంచి 1/250కి పెంచారు. లోపలికి వచ్చే వెలుతురు నాలుగో వంతుకు తగ్గాలి, ఫోటో నల్లబడాలి. కానీ అలాగే ఉంది. తీసిన రెండు ఫోటోలూ తెరిచి వివరాల్లో ఐఎస్ఓ చూడండి. ఫోటోను ఎంత వెలుగుగా చూపాలో కెమెరాకు చెప్పే అంకె అది, పెరిగితే ఫోటో వెలుగు పెరుగుతుంది. మొదటి దాంట్లో ఐఎస్ఓ 400, రెండో దాంట్లో 1600 ఉంటే దొంగ దొరికినట్టే. ఆటో ఐఎస్ఓ ఆన్‌లో ఉంది. మీరు తగ్గించినదంతా అది వెనకనుంచి పెంచేస్తోంది.

ఇది నన్ను బాగా ఏడిపించిన సమస్య, ఎందుకంటే చూడగానే కనిపించదు. నికాన్ కెమెరాల్లో ఆటో ఐఎస్ఓ ఆన్‌లో ఉంటే, మీరు చేత్తో 100 పెట్టినా అది కనీస హద్దు మాత్రమే. అవసరమైతే కెమెరా 3200 దాకా ఎక్కేస్తుంది. మీరేమో "నేను 100 పెట్టాను కదా" అని వాదిస్తుంటారు. పొద్దు గూకాక ఇంకో వింత. ఐఎస్ఓ పై హద్దు, ఉదాహరణకు 6400, తాకగానే ఇక పెరగడానికి ఏమీ ఉండదు. మధ్యాహ్నమంతా పలకని డయల్ ఒక్కసారిగా పని చేసి ఫోటోలు నల్లగా వస్తాయి. సరిగ్గా అప్పుడే జనానికి టెన్షన్ మొదలవుతుంది.

అనుమానం ఉంటే అక్కడే తేల్చుకోవచ్చు. ఎఫ్/5.6, 1/2000 పెట్టి సరుగుడు చెట్ల నీడలో పొయ్యి మీదున్న చేపల పులుసు దబరను తీయండి. ఏమీ మార్చకుండా ఎండలో మెరిసే ఇసుక వైపు తిరిగి ఇంకోటి తీయండి. నిజమైన మాన్యువల్ అయితే రెండింటి వెలుగులో బాగా తేడా రావాలి. రెండూ ఒకేలా వస్తే ఐఎస్ఓ కదులుతున్నట్టే.

నికాన్‌లో ఐఎస్ఓ సెట్టింగుల్లోకి వెళ్లి ఆటో కంట్రోల్ ఆఫ్ చేయండి. కానన్‌లో ఐఎస్ఓ బటన్ నొక్కి 'ఆటో' బదులు ఒక అంకె ఎంచుకోండి. ఫోన్ ప్రో మోడ్‌లోనూ ఐఎస్ఓకి అంకె ఇవ్వాల్సిందే. ఆటో ఐఎస్ఓ చెడ్డదేం కాదు, పరుగెత్తే పిల్లల్ని తీయడానికి నేనూ వాడతాను. నేర్చుకునేటప్పుడు మాత్రం వద్దు.

తెల్లవారుజామున అన్నీ పాలపొగ కప్పినట్టు వస్తున్నాయి

రాత్రంతా ఏసీ కారులో ఉన్న కెమెరాను తీరం గాలిలోకి తీశారు, లెన్స్ అద్దం మీద తేమ పట్టింది. సెట్టింగులు కెలక్కండి. తీయడానికి అరగంట ముందే బ్యాగును జిప్ తీయకుండా బయట పెట్టండి. తువ్వాలుతో తుడవొద్దు, ఇసుక గీతలు పడతాయి. ఆ సమయంలో లెన్స్ అసలు విప్పొద్దు.

రాత్రి తెర మీద బాగుంది, ఇంటికొస్తే చీకటి

చీకట్లో తెర వెలుగు కళ్లను మోసం చేస్తుంది. తెర వెలుతురు తగ్గించి, హిస్టోగ్రామ్, అంటే ఫోటోలో చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్ చూడండి.

ఆకాశంలో చుక్కలు మసక

ఫోకస్ రింగును అనంతం గుర్తు దగ్గర పెట్టి వదిలేశారు. చాలా లెన్సుల్లో ఆ రింగు ఇంకా ముందుకు తిరుగుతుంది. లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద నేరుగా చూస్తూ, ఒక చుక్కను పెద్దది చేసి, అది అతి చిన్నగా కనిపించేదాకా తిప్పండి. ఆటోఫోకస్ స్విచ్ ఆఫ్‌లో ఉందో లేదో చూడండి, ఆ తర్వాత రింగును ఎవరూ ముట్టుకోకూడదు.

సెన్సర్ పోయింది, షట్టర్ అరిగింది అనేవి అరుదు. పైవన్నీ చూశాక కూడా తేడాగా ఉంటేనే షాపుకు వెళ్లండి, కార్డు ఫార్మాట్ చేయకుండా.