రెండోసారి పూయని ఐరిస్: డల్లాస్ నల్లమట్టిలో సమస్యలు - పరిష్కారాలు

వసంతంలో విరగబూసింది, అక్టోబరు దాటినా ఒక్క కాడ రాలేదు

డల్లాస్ శివార్లైన ఫ్రిస్కో, ఇర్వింగ్ వైపు తోట పెంచే మనవాళ్లు, వసంతంలో ఒకసారి, శరత్తులో మరోసారి పూసే ఐరిస్ పూలమొక్క గురించి ఎక్కువగా అడిగేది ఇదే. "పాత రకం, తీసేసి కొత్తది పెట్టండి" అనే సలహా వినకండి. ఐరిస్ బ్రీడర్ లాయిడ్ జుర్‌బ్రిగ్ సృష్టించిన తెల్లటి ఇమ్మోర్టాలిటీ రకం 1982 నాటిది. రెండోసారి పూసే ఐరిస్ కావాలంటే ఇప్పటికీ ముందు దాని పేరే చెబుతారు.

లోపం రకంలో కాదు, వేసవి నీళ్లలో ఉంది. ఒకసారి పూసిన దుంప మళ్లీ పూయదు. పక్కన పుట్టిన పిలక ముదిరితేనే రెండో పూత. మామూలు ఐరిస్ ఎండల్లో నీళ్లు లేకపోయినా నిద్రపోయి నెట్టుకొస్తుంది. రెండోసారి పూసే రకాలూ అలాగే నిద్రపోతే పిలకలు ఎదగవు, ఆ ఏటికి అంతే సంగతులు.

మొదటి పూత అవగానే కాడను అడుగుదాకా కోసేయండి. నత్రజని తక్కువుండే 5-10-10 ఎరువు కొద్దిగా, దుంప మీద పడకుండా చుట్టూ చల్లండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా, వాన పడని వారంలో ఒక్కసారి లోతుగా తడపండి. మధ్యలో పైమట్టి ఆరాలి.

ఆకులు పక్కకి ఒరిగాయి, పట్టుకుంటే ఊడి చేతికొచ్చాయి, కుళ్లు వాసన

బాక్టీరియా వల్ల వచ్చే మెత్తకుళ్లు. ఇక్కడి మట్టి మన నల్లరేగడి జాతిదే: తడిస్తే బంక, ఎండితే నెర్రెలు. అందులో దుంపను లోతుగా పాతి, పైన మల్చ్ (చెక్కపొట్టు, ఆకుల పొర) కప్పి, లాన్ స్ప్రింక్లర్‌తో రోజూ తడుపుతుంటే కుళ్లక ఏం చేస్తుంది?

దుంప తవ్వి తీయండి. మెత్తబడిందంతా చెంచాతో, గట్టి తెల్లటి కండ తగిలేదాకా గీకేయండి. ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి ముంచి, ఒకట్రెండు రోజులు ఆరబెట్టండి. కత్తినీ అదే నీళ్లలో కడగాలి. మడిని ఓ ఆరు అంగుళాలు ఎత్తు చేసి, దుంప మీద అర అంగుళానికి మించి మట్టి లేకుండా నాటండి. మల్చ్ దుంపకి తగలకూడదు, కాలనీ వాళ్లు ఎంత అందంగా ఉంటుందన్నా సరే.

ఆకులు ఏపుగా, పూలు సున్నా

లాన్‌కి వేసిన ఎరువు మడిలోకి కొట్టుకొచ్చి ఉంటుంది. లేదంటే నీడ; రోజుకి కనీసం 6 గంటల ఎండ కావాలి. రెండూ కాకపోతే దుంపలు ఒకదానిమీదొకటి ఎక్కాయేమో చూడండి. ఇవి త్వరగా పిలకలేస్తాయి కాబట్టి రెండు మూడేళ్లకోసారి విడదీయాలి. విడదీసిన ఏడాది శరత్తు పూత మీద ఆశ పెట్టుకోవద్దు.

మొగ్గ వచ్చింది, రాత్రికి ఫ్రీజ్ (గడ్డకట్టే చలి) అంటున్నారు

డల్లాస్‌లో ఈ టెన్షన్ సాధారణంగా నవంబరు చివర్లో మొదలవుతుంది. మొగ్గలో రంగు కనిపిస్తుంటే కాడ కోసి ఇంట్లో నీళ్లలో పెట్టండి, విచ్చుకుంటుంది. ఇంకా పచ్చిగా ఉంటే మొక్క మీదే వదిలి పాత దుప్పటి కప్పండి, తెల్లారి ఎండ రాగానే తీసేయండి.