న్యారోబోటు నడపడం – 5వ పాఠం: హేర్‌కాజిల్ సొరంగం

పోయిన పాఠంలో న్యారోబోటుకి, అంటే ఇంగ్లండు కాలువల్లో తిరిగే సన్నని పొడవాటి పడవకి, మలుపుల దగ్గర చుక్కాని పట్టడం చూశాం. ఈసారి అదే పని చీకట్లో, రెండు గోడల మధ్య. ఇంగ్లండులో ట్రెంట్ అండ్ మెర్సీ కాలువ మీద, స్టోక్-ఆన్-ట్రెంట్ దగ్గరున్న హేర్‌కాజిల్ సొరంగాన్నే తీసుకుందాం. పొడవు దాదాపు 2,675 మీటర్లు. దాటడానికి 40 నిమిషాలు పడుతుంది.

ఆ కొండ కింద పక్కపక్కనే రెండు సొరంగాలున్నాయి. ఇంజినీరు జేమ్స్ బ్రిండ్లీ పథకంతో తవ్విన పాతది 1777లో తెరిచారు. అందులో పడవను లాగే గుర్రం నడిచే గట్టు లేదు. మనుషులే పడవ మీద పడుకుని గోడల్ని కాళ్లతో తన్నుకుంటూ ముందుకు నడిపేవారు. అది ఎప్పుడో మూతపడింది. ఇప్పుడు మనం వెళ్లేది ఇంజినీరు థామస్ టెల్ఫర్డ్ కట్టించిన, 1827లో తెరిచిన రెండోదాంట్లో. ఇందులో రెండు పడవలకు చోటు చాలదు కాబట్టి కాపలాదారు ఒకవైపు పడవలు దాటాకే రెండోవైపువి వదులుతాడు.

లోపలికి వెళ్లేముందు పడవ పైకప్పు ఖాళీ చెయ్యండి. పొగగొట్టం, పూలకుండీలు, సైకిలు అన్నీ దించెయ్యాలి. కింద గనుల తవ్వకాలకు నేల కుంగి, సొరంగం మధ్యలో కప్పు బాగా కిందికొచ్చింది. పొడుగువాళ్లు అక్కడ వంగి నిలబడాలి. స్టవ్వు, సిగరెట్టు ఆర్పండి. లైఫ్‌జాకెట్ వేసుకోండి. హారన్ మోగించి చూడండి. ముందు లైటును కొంచెం పైకి తిప్పండి, నీళ్ల మీద పడితే మెరుపు తప్ప ఏమీ కనబడదు. గదుల్లో లైట్లు వేసి కర్టెన్లు తీసేస్తే గోడలు రెండుపక్కలా కనిపిస్తాయి.

దక్షిణం వైపు నుంచి వెళితే, పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూసి, పొగ లాగే ఫ్యాన్లు వేస్తారు. ఆ హోరుకు బెదిరి చుక్కాని వదలొద్దు.

అసలు కష్టం గోడ దగ్గరయినప్పుడే. ఎడమ గోడ మీదికి వెళుతున్నామని చుక్కాని పిడిని ఎడమకి గట్టిగా నెడతారు. ముక్కు కుడికి తిరుగుతుంది, నిజమే. కానీ పడవ తిరిగేది నడుము దగ్గర. అందుకే వెనక భాగం ఎడమకే ఊగి ఇటుకల్ని గీరుతుంది. కంగారుగా పిడిని కుడికి లాగితే ఇప్పుడు ముక్కు ఎడమ గోడకి తగులుతుంది. ఇక గోడ నుంచి గోడకి బంతాటే. దీనికి మందు ఒకటే: పిడిని పిడికిలి వెడల్పు మాత్రమే నెట్టి, రెండు అంకెలు లెక్కపెట్టి, మళ్లీ మధ్యకి తేవాలి. చూపు పక్క గోడ మీద కాదు, దూరంగా లైటు పడేచోట ఉండాలి.

తొందరపడి థ్రాటిల్ పెంచినా లాభం లేదు. ఇరుకులో పడవ పక్కనుంచి నీళ్లు వెనక్కి పోలేవు. వేగం పెరగకపోగా వెనక భాగం నీళ్లలోకి కుంగుతుంది. మరీ తగ్గిస్తే చుక్కానికి నీటి ఒత్తిడి అందక పడవ మాట వినదు. ఎవరైనా నీళ్లలో పడితే వెంటనే న్యూట్రల్ వెయ్యండి, రివర్స్ ఎన్నడూ వద్దు. పడవ వెనక నీళ్లలో తిరిగే ప్రొపెల్లర్ రెక్కలే ప్రాణం తీస్తాయి.

నీళ్లు నారింజ రంగులో కనిపిస్తే భయపడకండి. కొండలోని ఇనుప రాయి నుంచి ఊరే తుప్పు అది.

ఈ వారం అభ్యాసం: తిన్నని కాలువలో, గట్టుకి ఒక మీటరు దూరంలో పది నిమిషాలు నడపండి. పిడి పిడికిలి వెడల్పు దాటి కదిలిన ప్రతిసారీ లెక్కపెట్టుకోండి. అయిదుకి మించకుండా వచ్చాక సొరంగానికి వెళ్లండి. ఉత్తరం వైపు బయటపడ్డాక కాసేపటికే లాకులు, అంటే నీటిమట్టం మార్చి పడవను ఎక్కించే, దించే తలుపుల గదులు, మొదలవుతాయి. గోదావరి జిల్లాల వాళ్లకి తెలిసిన మాటే అది. వాటి తలుపులు తెరవడం 6వ పాఠంలో.